కట్ట గేటు మీద పేరు

గార్నెట్ ఫ్లాట్,
మార్చి 4

తాతయ్యా,

నీ మోకాలి సంగతి చివర్లో అడుగుతాను, ముందు నా కబురు విను. నన్ను కట్టకు ఇంజనీరును చేశారు! అవును, ఆ కట్టకే. రాయిని పిండి కొట్టి తగరం తీసుకున్నాక మిగిలే బూడిదరంగు బురదను ఏళ్ళ తరబడి ఊరి నెత్తిన నిలవ పెట్టుకున్నామే, దానికి. రెండేళ్ళుగా దాని వెంట తిరిగే చిన్న ఉద్యోగిని నేను. ఇవాళ్టి నుంచి దాని మంచికీ చెడుకీ నేనే.

నిన్న మా గని మేనేజరు లాక్లన్ డరంట్ స్వయంగా స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి కింది రోడ్డు గేటుకు పలక బిగించాడు: "ఈ కట్టకు బాధ్యులు మెరిన్ ట్రెథీవీ. కట్ట మీదికీ, కట్ట కిందికీ రాకపోకలు వీరి అనుమతితోనే." అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏడవలేదు. కంట్లో నలుసు పడింది, అంతే.

మెల్‌బోర్న్ ఆఫీసు నుంచి రోవేనా అనే ఆవిడ వచ్చింది. ఆడపిల్లల్ని ఇంజనీరింగులోకి రప్పించడం, వచ్చినవాళ్ళు పారిపోకుండా చూడడం ఆమె పని. మంచి మనిషి. నాతో పాటు చేరిన అమ్మాయిలు ఎందుకు మానేశారని అడిగింది. చెప్పాను: మొదటి ఏడాదంతా మాకు మగవాళ్ళ కొలత బూట్లే ఇచ్చారు, మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుని బాతుల్లా నడిచేవాళ్ళం అని. "ఇక అలా జరగదు" అంది. మర్నాడే నా కొలత బూట్లు వచ్చాయి. వాటితో పాటు ఒక ఫోటోగ్రాఫరూ వచ్చాడు.

ఊరంతా నా బొమ్మ అంటించారు. రొట్టెల దుకాణంలో కూడా, సముద్రపు గుల్లల మాంసం కూరిన స్కాలప్ పైల పక్కన.

మోకాలు ఎలా ఉంది?

నీ మెరిన్


విన్‌యార్డ్,
మార్చి 12

మా ఇంటి ఇంజనీరు మెరిన్‌కు, చెవిటి తాతయ్య గొంతు చించుకుని రాసేది:

నీ ఉత్తరం పక్కింటి మేవిస్‌కు చదివి వినిపించాను. ఆవిడకు చెవులున్నాయి, నాకు కళ్ళున్నాయి. ఇద్దరం కలిస్తే పూర్తి మనిషి. "స్కాలప్ పైల పక్కనా? అయితే మంచి చోటే" అంది. ఆవిడ దృష్టిలో అంతకన్నా గౌరవం లేదు.

తల్లీ, సంతోషంగా ఉంది. మా అక్క విన్నీ ఉంటే ఇవాళ వీధంతా తిరిగి చెప్పేది. ఆవిడ జలవిద్యుత్తు వాళ్ళ డ్రాయింగు ఆఫీసులో ట్రేసరు అని నీకు తెలుసు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసినదాని మీద పల్చటి గుడ్డ పరిచి నల్ల సిరాతో దింపడం. ఈ దీవిలో సగం ఆనకట్టలు ఆ గదిలోని ఆడవాళ్ళ మునివేళ్ళ మీదుగా పుట్టాయి. కాగితం మూలన ఒక గడి ఉండేది: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ముగ్గురూ మగవాళ్ళే. ట్రేసరుకు చోటు లేదు. విన్నీ ఏం చేసేదో తెలుసా? ఉత్తర దిక్కు చూపే బాణం ఉంటుందే, దాని తోక ఈకల్లో తన పేరు దాచేది. కనిపెట్టిన మగాడు లేడు.

తర్వాత పెళ్ళి చేసుకుంది. పెళ్ళైన ఆడది ప్రభుత్వ కొలువులో ఉండకూడదని అప్పటి రూలు. పెళ్ళి కేకు ఇంకా సగం మిగిలే ఉంది, కొలువు ఊడింది. ఆడవాళ్ళను నిలుపుకోవడానికి ఇప్పుడు ఒక రోవేనాను పెట్టారు గాని, వదిలించుకోవడానికి అప్పుడు ఎవరూ అక్కర్లేకపోయింది, చర్చిలో పాదిరిగారే చాలు.

ఎక్కడికో పోయాను. అడగాలనుకున్నది ఒకటే. నీకు ముందు ఆ కుర్చీలో ఎవరున్నారు? ఎందుకు లేచారు? వెచ్చని కుర్చీని ఊరికే వదిలి వెళ్ళే మగాణ్ణి నా జీవితంలో చూడలేదు. నా మాట విని ఆ పలక చుట్టూ పాత స్క్రూల కన్నాలేమైనా ఉన్నాయేమో వేలు పెట్టి చూడు.

మోకాలు దాని పని అది చేసుకుంటోంది, అంటే ఏమీ చేయడం లేదు.

నీ తాతయ్య,
ఆల్విన్


గార్నెట్ ఫ్లాట్,
మార్చి 29

తాతయ్యా,

వేలు పెట్టి చూశాను. ఉన్నాయి. మూడు జతలు. మైనం నింపి రంగు పూశారు గాని చేతికి తగులుతాయి. తృప్తేనా? ముగ్గురూ పశ్చిమాన ఇనుప గనులకు పోయారట, అక్కడ జీతాలు ఎక్కువని. లాక్లనే చెప్పాడు.

నీ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. మనవడికి ఈ పలకే బిగిస్తే కన్నాలు వెతకమనేవాడివా? భుజం తట్టేవాడివి.

పోనీలే. ఈ నెలంతా విమానాల్లోనే ఉన్నాను. లాన్సెస్టన్, హోబార్ట్, మెల్‌బోర్న్. రోవేనా తీసుకెళ్ళిన చోటల్లా నిలబడి ఆడపిల్లలకు చెబుతున్నాను, ఇది మీ పని కూడా అని. మొదట సిగ్గేసింది, ఇప్పుడు బాగుంది. హోబార్ట్‌లో ఒడెట్ అనే పిల్ల, చదువు ముగుస్తోంది, సభ అయ్యాక గోడవారగా నిలబడి అందరూ వెళ్ళేదాకా ఆగింది. "నిజం చెప్పండి. అక్కడ మమ్మల్ని ఉండనిస్తారా?" అంది. "రా, చోటుంది" అన్నాను. ఆ పిల్ల ముఖం చూసి ఉంటే నువ్వు కన్నాల సంగతి ఎత్తేవాడివి కాదు.

ఒక్కటే లోటు. ఇదివరకు వారం వారం కట్ట పాదం వెంట, చెట్లంత ఎత్తు పెరిగే చెట్టుఫెర్నుల మధ్య నడిచేదాన్ని. ఇప్పుడు తీరడం లేదు. పైనుంచి డ్రోను ఫోటోలు తీస్తుంది, వాటిని బ్రిస్బేన్‌లో ఎవరో చూస్తారు. కట్ట ఇంజనీరుకు కట్ట చూడడానికి వేళ లేదు, నవ్వు వస్తుంది కదూ.

మెరిన్


విన్‌యార్డ్,
ఏప్రిల్ 9

మెరిన్ తల్లికి,

నాకు నవ్వు రాలేదు. మేవిస్‌కు కూడా రాలేదు, ఆవిడ పళ్ళసెట్టు తీసేసినప్పుడు కూడా నవ్వగల మనిషి.

ఆ కుర్చీ వదిలెయ్. వివరించమంటే నాకు చేతకాదు. ముప్పై ఏళ్ళు జలవిద్యుత్తు క్యాంపుల్లో ఇనుము బిగించినవాణ్ణి, పుస్తకాలు చదువుకున్నది మంచం మీద. కాని ఒకే గుర్రం మీంచి ముగ్గురు దిగిపోయాక నాలుగోవాడు పిర్ర తడుముకోవాలి గాని కళ్ళెం పట్టుకోకూడదు.

ఇక్కడి హైస్కూలులో లెక్కల టీచరు కావాలట. పేపర్లో వచ్చింది, కత్తిరించి ఇందులో పెడుతున్నాను. మంచి స్కూలు. సముద్రం కనబడుతుంది. సెలవులెక్కువ. నా ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉంది. ఆలోచించు.

నీ తాతయ్య


గార్నెట్ ఫ్లాట్,
మే 2

ఆల్విన్ గారికి నమస్కారాలు.

మీరు కత్తిరించి పంపిన టీచరు ఉద్యోగం ప్రకటన అందింది. ఆడపిల్లకు సెలవులెక్కువ ఉండే పని మంచిదన్న మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. ఇదే మాట మా కాలేజీలో ఒక ప్రొఫెసరు అన్నాడు. ఆయన రక్తసంబంధీకుడు కాడు గనుక అప్పుడు ఏడుపు రాలేదు.

ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. జూన్ 23న మహిళా ఇంజనీర్ల దినం. తీరం వెంబడి ఊళ్ళలోని స్కూళ్ళ నుంచి ఆడపిల్లల్ని బస్సులో తీసుకొస్తున్నాం. కట్ట చూపించి, దాని కిందనున్న ఫుట్‌బాల్ మైదానంలో భోజనాలు పెడతాం. వెనక కట్ట, ముందు పిల్లలు, ఫోటో బాగా వస్తుందని రోవేనా అంది. మైదానం ఆ రోజు ఖాళీయే. నేల మెత్తబడి బూట్లు దిగబడుతున్నాయని ఊరి జట్టు తన ఆటలన్నీ పొరుగూరికి మార్చుకుంది. మున్సిపాలిటీని పబ్బులో రోజూ తిడుతున్నారు. మేము చెక్కలు పరిచి టెంట్లు వేయిస్తాం. ఈ ఏడు వానలింకా మొదలే కాలేదు గనుక ఇబ్బంది ఉండదు.

ఆ రోజుకు ముందే నేను ఏటేటి పత్రం మీద సంతకం చేయాలి, కట్ట క్షేమంగా ఉందని. మొదటిసారి నా పేరుతో.

మీ మోకాలు నయమైందని తలుస్తాను.

మెరిన్ ట్రెథీవీ,
ఇంజనీరు


విన్‌యార్డ్,
మే 15

"ఆల్విన్ గారు" అనిపించుకున్న ఆ దౌర్భాగ్యుడు రాయునది:

నన్ను "మీరు" అని పిలిచినవాళ్ళు ఇప్పటిదాకా ఇద్దరే. ఒకడు జడ్జి, ఇంకొకడు పళ్ళ డాక్టరు. ఇద్దరూ పిలిచిన వెంటనే నొప్పి కలిగించారు. నువ్వు మూడోదానివి.

ఆ ప్రకటన పంపినందుకు మేవిస్ నన్ను నాలుగు తిట్టింది. నాకు వినబడలేదు గాని, ముఖం చూస్తే మంచి తిట్లే అనిపించింది. తప్పు ఒప్పుకుంటాను గాని ఏ తప్పో నాకే సరిగ్గా తెలియదు. కాబట్టి వాదన మాని, నీకు చిన్నప్పుడు ఇష్టమైన కథ చెబుతాను. గార్నెట్ ఫ్లాట్ మైదానం కథ.

ఆ ఊళ్ళో గడ్డి మొలవదు. పాత కొలుముల గంధకం పొగకు కొండలే బోడివైపోయాయి, మైదానమెంత? కంకర పరిచి ఆడేవాళ్ళు. మేము క్యాంపు జట్టు, ఏటా ఒకసారి తన్నులు తినడానికి వెళ్ళేవాళ్ళం. కింద పడ్డామంటే చర్మం అక్కడే, మనిషి ఇక్కడ. పోయిన నెల డాక్టరు నా మోకాలికి ఎక్స్‌రే తీసి "లోపల ఇవేమిటి, రాళ్ళలా ఉన్నాయి?" అన్నాడు. "గార్నెట్ ఫ్లాట్ మున్సిపాలిటీ ఆస్తి, వాపసు ఇవ్వమంటారా?" అన్నాను.

ఇక వాన! ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసేది. ఆట ఒక్కసారి ఆగితే ఒట్టు. జల్లెడలో పోసినట్టు నీళ్ళు కంకరలోంచి దిగిపోయేవి. బంతి నానేది, మేము నానేవాళ్ళం, రిఫరీ ఈల నాని కప్పలా అరిచేది. నేల మాత్రం పెంకు లాగే ఉండేది. అలాంటి చోట, ఒక్క చినుకన్నా పడకుండానే ఈనాటి కుర్రాళ్ళ బూట్లు దిగబడుతున్నాయట! ఏం సుకుమారులు! మా జట్టు కెప్టెన్ వింటే సమాధిలో బోర్లా తిరుగుతాడు.

నవ్వు వచ్చిందా? రాకపోయినా ఒక ముక్క రాయి. "మీరు" అనే రాయి, పరవాలేదు.

నీ తాతయ్య


గార్నెట్ ఫ్లాట్,
జూన్ 3

తాతయ్యా,

నీ ఫుట్‌బాల్ పురాణం మెల్‌బోర్న్ విమానం కోసం ఎదురుచూస్తూ చదివాను. రెండోసారి చదివేటప్పుడు ఒక చోట ఆగిపోయాను. జల్లెడలాంటి నేల, చినుకు పడకుండా మెత్తబడింది. నువ్వూ రాశావు, నేనూ రాశాను, ఊరంతా పబ్బులో కూర్చుని నవ్వుకుంటున్నాం. పైనుంచి పడని నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి తాతయ్యా?

విమానం ఎక్కలేదు. రోవేనాకు ఒంట్లో బాగాలేదని చెప్పి తిరిగొచ్చి, నువ్విచ్చిన పాత వానకోటు తొడుక్కుని కట్ట పాదం వెంట నడిచాను. ఫెర్నుల గుబురులో, డ్రోను కంటికి ఎన్నటికీ ఆనని చోట, ఊట. చెలమలో నీళ్ళు బుడబుడలాడుతున్నాయి. చుట్టూ సన్నటి బూడిదరంగు ఇసుక, చీమలు పెట్టిన పుట్టలా గుండ్రంగా పేరుకుంది. నీళ్ళు తేటగా ఉంటే కట్టకు చెమట పట్టిందనుకోవచ్చు. ఇవి పాలు కలిపిన టీలా ఉన్నాయి. అంటే కట్ట లోపలి మట్టి రేణువు రేణువుగా బయటికి నడిచి వస్తోంది. పక్షి ఒక్కటీ కూయడం లేదక్కడ.

లాక్లన్‌కు చెప్పాను. కాఫీ కలుపుతూ విన్నాడు.

"పాత కట్ట కదమ్మా, కాస్త కారుతుంది. ముసలాళ్ళం మేమూ కారుతాం."

"మట్టితో కారుతోంది."

"సెప్టెంబరులో పెర్త్ నుంచి నిపుణులు వస్తారు. ఈలోగా నువ్వు సంతకం చెయ్, కింద 'గమనిస్తున్నాము' అని ఒక ముక్క రాయి. నీకు ముందున్నవాళ్ళూ అంతే రాశారు."

నాకు ముందున్నతనికి ఫోన్ చేశాను. ముందు గది తలుపు వేసిన చప్పుడు వచ్చింది. తర్వాత అన్నాడు: "ఆ ముక్క రాశాక నాకు నిద్ర పట్టలేదు. వేరే ఉద్యోగం చూసుకున్నాను. నా తర్వాత వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు అడ్డుపడతారులే అనుకున్నాను."

రోవేనా మాట ఇంకా నొప్పించింది. ఆమె చెడ్డది కాదు, అందుకే నొప్పి. "మెరిన్, మొదటి ఆడ ఇంజనీరు రాగానే గని ఆపించిందంటే ఏమంటారో నీకు తెలియదా? చూశారా, భయపడింది అంటారు. నీ వెనక వచ్చే పిల్లలకు తలుపు నువ్వే మూస్తావా?"

సంతకం చేస్తే అబద్ధం. చేయకపోతే పిరికిది. మానేసి పోతే "ఆడవాళ్ళు నిలవరు" అనే లెక్కలో ఇంకొకదాన్ని. జూన్ 23న ఆ మైదానంలో పిల్లలు కూర్చుంటారు. ఆ వారమే వానలు మొదలవుతాయంటున్నారు.

నువ్వు కన్నాలు వెతకమన్నప్పుడు నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడూ కొంచెం ఉంది. కాని రాయడానికి ఇంకెవరూ లేరు.

మెరిన్


విన్‌యార్డ్,
జూన్ 10

బంగారు తల్లికి,

ఈసారి కథలు చెప్పను.

ఆడపిల్లవని ఆ కుర్చీ వద్దనలేదమ్మా. కుర్చీకి కాళ్ళు విరిగాయని అనుమానమొచ్చి అన్నాను. ఆ మాట సూటిగా చెప్పలేక స్కూలు, సముద్రం, సెలవులు అంటూ వాగాను. నువ్వు ఇంకెలా అర్థం చేసుకుంటావు?

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి విన్నీయే గుర్తొస్తోంది. ఆ రోజుల్లో మా అక్క దగ్గర పని తీసుకుని పేరు ఎగ్గొట్టారు. ఇప్పుడు నీ దగ్గర పేరు తీసుకుని పని ఎగ్గొడుతున్నారు. గేటు మీద నువ్వు, గోడల మీద నువ్వు, స్కాలప్ పైల పక్కన నువ్వు. కట్ట దగ్గర మాత్రం నువ్వు ఉండకూడదు! కాలం మారిందంటే ఏమో అనుకున్నాను, తిరగేసి తొడుక్కున్న చొక్కా ఇది.

ఏం చేయమని నేను చెప్పలేను. ఒకటి మాత్రం. వాళ్ళు సరదాకి బిగించిన పలక మీద ఏం రాసి ఉందో నువ్వే నాకు రాశావు, మొదటి ఉత్తరంలో. వాళ్ళు దాన్ని మళ్ళీ చదవలేదని పందెం కాస్తాను.

వద్దామంటే డాక్టరు మోకాలికి కట్టు వేసి కూర్చోబెట్టాడు. కట్టు విప్పగానే బస్సెక్కుతాను. ఆ కోటు కుడి జేబుకు చిరుగుంది, తాళాలు ఎడమ జేబులో వేసుకో.

నీ తాతయ్య


గార్నెట్ ఫ్లాట్,
జూన్ 24

తాతయ్యా,

సంతకం చేయలేదు. "సరే, తర్వాత చూద్దాం, పిల్లల కార్యక్రమం మాత్రం ఆగదు" అన్నాడు లాక్లన్.

నిన్న పొద్దున్న వాన మొదలైంది. నేను కింది రోడ్డు గేటు మూసి, తాళం ఎడమ జేబులో వేసుకుని, నీ కోటులో రోడ్డు మధ్య నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు అద్దం దింపాడు.

"ఏయ్, పక్కకు తప్పుకో. ఎవరు నువ్వు?"

"అదిగో, ఆ పలక మీదున్నదాన్ని. చదువు."

చదివాడు. పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. నాకు తెలిసి ఆ పలకను పూర్తిగా చదివిన మొదటి మనిషి.

వెనక కిటికీలోంచి జడలు వేసుకున్న ఒక పిల్ల తల బయటపెట్టింది. "మిస్, మేము ఫోటో దిగాల్సిన ఇంజనీరు మీరేనా?"

"నేనే."

"మరి వానలో ఏం చేస్తున్నారు?"

"ఇంజనీరింగు."

బస్సును పై రోడ్డున కొండ మీది స్కూలు హాలుకు మళ్ళించాను. నానిపోయిన శాండ్‌విచ్‌లు తిన్నారు. కిటికీలోంచి కట్ట చూపించి, ఎందుకు దాని కింద కూర్చోబెట్టలేదో దాచకుండా చెప్పాను. ఒక్కరూ ఆవులించలేదు. ఒక పిల్ల, "మీకు ఉద్యోగం పోతుందా?" అంది. "పోవచ్చు" అన్నాను. "అయితే అమ్మకు చెప్పను, నన్ను ఇందులో చేరనివ్వదు" అంది.

సాయంత్రానికి కట్ట ఎక్కడిది అక్కడే ఉంది. అదే ఘోరం తాతయ్యా. అందరూ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. పబ్బు గుమ్మంలోంచి ఎవడో, "ఏమ్మా, మీ కట్ట ఇంకా లేచి నిలబడే ఉందే, కుర్చీ వేయమంటావా?" అన్నాడు. రోవేనా నన్ను తిట్టలేదు, కళ్ళు తుడుచుకుంది. "ఎన్నేళ్ళు వెనక్కి పోయామో నీకు తెలియదు" అంది.

లాక్లన్ మళ్ళీ స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. ఈసారి చప్పట్లు లేవు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. వచ్చే వారం వస్తానన్నాడు.

నేను ఊరు విడవడం లేదు. పై వీధిలో ఒక గది తీసుకున్నాను. గేటు లోపలికి రానివ్వరు గాని మైదానం అందరిదీ, ఊరి వైపు నుంచి కాలిబాట ఉంది. రోజూ వెళ్ళి మడమతో నొక్కి చూస్తాను. ఇవాళ చీలమండ దాకా దిగింది.

మెరిన్


విన్‌యార్డ్,
జూలై 3

మెరిన్ తల్లికి,

మేవిస్ పేపరు తెచ్చి ముక్కు కింద పెట్టింది. "కుటుంబ కారణాల వల్ల" నువ్వు ఉద్యోగం విడిచిపెట్టావట, గని వాళ్ళు నీకు శుభాకాంక్షలు చెప్పారట. నీకున్న కుటుంబం నేనొక్కణ్ణే గదా! నా వల్ల ఉద్యోగం పోయిందని ఊరికి తెలియక ముందు నాకన్నా ఒక మాట చెప్పవలసింది.

నవ్వించాలని రాశాను. నాకే నవ్వు రాలేదు. ఇక్కడ వాన ఆగడం లేదు. రేకుల మీద పడే వాన నాకు వినబడదు గాని టీ కప్పులో నీళ్ళు వణకడం కనబడుతోంది. నువ్వు ఉన్నచోట ఎలా ఉందో అని అదే ధ్యాస.

కట్టు విప్పారు. గురువారం బస్సుకు వస్తున్నాను. వద్దంటే నాకు వినబడదు.

నీ తాతయ్య


గార్నెట్ ఫ్లాట్, స్కూలు హాలు,
జూలై 8

తాతయ్యా,

పోస్టు బండి పై రోడ్డున బయల్దేరబోతోంది. డ్రైవరు నా కోసం ఆగాడు, గబగబా రాస్తున్నాను.

నా చోటులోకి మనిషిని తెచ్చారు. ఎవరనుకున్నావు? ఒడెట్. హోబార్ట్‌లో గోడవారగా నిలబడ్డ పిల్ల. ఇంత చిన్న వయసులో ఇంత పెద్ద బాధ్యత అని రోవేనా పొంగిపోతూ ప్రకటించిందట. ఆ గేటుకు ఐదో జత కన్నాలు పడ్డాయి. ఇన్‌స్పెక్టరు చెప్పిన వచ్చే వారం ఇంకా రాలేదు.

ఇవాళ పొద్దున్నే వెళ్ళి ఆఫీసు బయట నిలబడ్డాను. ఒడెట్ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. నాకు మతి చెదిరిందని చెప్పి ఉంచారు.

"మీరే కదండీ రమ్మన్నారు" అంది, ఏడుపు గొంతుతో.

"అవును. రా, చోటుంది అన్నాను. ఏ చోటో చెప్పలేదు. ఈ కోటు తొడుక్కో, చూపిస్తాను."

వస్తుందనుకోలేదు. వచ్చింది. గేటు తాళం ఇప్పుడు ఆమెదే. పాదం వెంట ఇద్దరం నడిచాం. చీమల పుట్టంత ఉన్నది బోర్లించిన గంపంత అయింది. అలాంటివి పక్కన ఇంకా లేచాయి. టీ రంగు పోయింది, చిక్కటి బురదే వస్తోంది. చెట్టుఫెర్నులు నిలువుగా లేవు, అన్నీ ఊరి వైపు వంగి ఉన్నాయి, ఏదో వింటున్నట్టు. నేను ఏమీ చెప్పలేదు. ఆ పిల్లే వంగి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, వేళ్ళ మధ్య రాసి చూసింది. చదువుకున్న పిల్ల గదా. లేచి ఊరి వైపు చూసింది.

"కట్ట కింది వీధంతా ఖాళీ చేయించే అధికారం నాకుందా?"

"పలక మీద రాసి ఉంది."

లాక్లన్ గదిలోనే, అతని బల్ల మీదే ఉత్తర్వు రాసింది. అతను అరుస్తూనే ఉన్నాడు. "నిన్ను తెచ్చింది సంతకం పెట్టడానికి" అన్నాడు. "పెడుతున్నా గదండీ" అంది. నాకైతే అంత చక్కటి జవాబు తట్టేది కాదు. పెట్టాక నా వైపు తిరిగింది. "మీ పేరు కూడా రాయనా? పలక మీద లేదుగా."

"రాయి. బాణం తోకలో మాత్రం దాచకు" అన్నాను. అర్థం కాలేదు పాపం. గురువారం నువ్వే చెబుదువుగాని.

సైరను మోగించాం. జనం వచ్చారు, తిట్టుకుంటూనే వచ్చారు. ఆ రోజు పబ్బు గుమ్మంలోంచి కుర్చీ వేయమన్నవాడే కింది వీధి ముసలమ్మను వీపున మోసుకొచ్చాడు. "కట్ట కూలకపోతే ఊరందరికీ బీరు నువ్వే పోయించాలి" అన్నాడు. పోయిస్తానన్నాను. అంత ఆనందంగా ఇంకే పందెమూ ఓడిపోను.

హాలు నిండింది. ఒడెట్ గుమ్మంలో నిలబడి ఎవరింకా రాలేదో పేరు పేరునా అడుగుతోంది. కట్ట ఇంకా నిలబడే ఉంది. సైరను ఆగింది. వాన జోరు తగ్గిన క్షణాల్లో కింది నుంచి ఒక చప్పుడు వస్తోంది తాతయ్యా, గొంతు సవరించుకుంటున్నట్టు. హాల్లో అందరూ కిటికీల దగ్గరికి చేరారు. నీకైతే వినబడదు. ఇవాళ నీ చెవులు నాకుంటే బాగుండును.

గురువారం తప్పకుండా రా. పై రోడ్డున రా. కింది రోడ్డుకు వెళ్ళే బస్సైతే ఎక్కకు.

మెరిన్